24 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ కొనేముందు టేపు పట్టుకుని వీధిలోకి వెళ్ళండి

ప్రశ్న

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు సుదీర్ఘంగా రాసిన ఉత్తరమిది, కుదించి ఇస్తున్నాం. ఆయన వృత్తి పెళ్ళిళ్ళ ఫోటోలు తీయడం. కొంతకాలంగా బిల్డర్లకూ, ఇంటీరియర్ డిజైనర్లకూ కూడా తీసి ఇస్తున్నారు. చేతిలో సోనీ ఎ6400, దానితో వచ్చిన 16-50 కిట్ లెన్సు, ఒక సిగ్మా 30 మి.మీ., మంచి ట్రైపాడ్ ఉన్నాయి. ఈమధ్య ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఫోటోలు చూసిన బిల్డరు, "బిల్డింగు వెనక్కి పడిపోతున్నట్టుందేంటి బాబూ, ఫ్లాటు కొనేవాడు భయపడిపోతాడు" అన్నారట. ఫోటోలు నిటారుగా తీసిస్తే ఇకమీదట అన్ని ప్రాజెక్టులూ ఇస్తానని కూడా అన్నారట. దాంతో ఈయన టిల్ట్-షిఫ్ట్ లెన్సుల (కెమెరా కదలకుండా లెన్సునే వంచడానికీ, జరపడానికీ వీలున్నవి) వేటలో పడ్డారు. సామ్‌యాంగ్ 24 కొత్తది కొనాలంటే దాచుకున్న 60 వేలు చాలవు. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు తన పాత క్యానన్ టీఎస్-ఈ 24 (మొదటి వెర్షన్) ఇస్తానంటున్నాడు, ఈ నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చమంటున్నాడు. ఆన్‌లైన్‌లో చాలా తక్కువ ధరకు ఒక 50 మి.మీ. టిల్ట్ లెన్సు కూడా కనబడింది. "అప్పు చేసి లెన్సు కొంటావా?" అని నాన్నగారు కోప్పడుతున్నారు. బిల్డర్ల పని ఒక్కటే కాదు, మంగళగిరి గాలిగోపురం, ఉండవల్లి గుహల పనోరమాలు తీయాలన్నది ఈయనకు ఎప్పటినుంచో ఉన్న కోరిక. "ఒకసారి తప్పు లెన్సు కొన్నానంటే మళ్ళీ కొనే శక్తి నాకు లేదు. ఏది కొనమంటారు?" అని ముగించారు.

సమాధానం

ముందు ఆ బిల్డరుగారి మాట గురించి. ఆయన చూసింది నిజమే, అయితే అందులో మీ పనితనం లోపమేమీ లేదు. కెమెరాను పైకెత్తగానే దాని లోపల బొమ్మను పట్టే సెన్సరు గోడకు సమాంతరంగా ఉండదు. పై అంతస్తులు చిన్నగా పడతాయి, నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఎంత ఖరీదైన లెన్సుకైనా ఇది తప్పదు. కెమెరాను ఎత్తకుండా నేలకు సమంగా ఉంచితే మీ కిట్ లెన్సుతో కూడా గీతలు నిటారుగానే వస్తాయి, కాకపోతే పై అంతస్తులు తెగిపోయి, సగం ఫోటో రోడ్డే ఉంటుంది. షిఫ్ట్ లెన్సు ఆ రోడ్డుకు పోయిన చోటును పై అంతస్తులకు ఇస్తుంది. కెమెరా కదలదు, లెన్సు ఒక్కటే సెన్సరు ముందు పైకి జరుగుతుంది. అది చేసే పని అంతే.

టిల్ట్ సంగతి వేరు. అందులో లెన్సు వంగుతుంది, దాంతో ఫోకస్ తలం కూడా వాలుతుంది. థియోడర్ షైమ్‌ఫ్లూగ్ 1904లో పేటెంట్ తీసుకున్న సూత్రం ఇదే. బల్లమీద పరిచిన వస్తువులకూ, నగలకూ, తిండి ఫోటోలకూ అది బంగారంలాంటి సదుపాయం. భవనాలకు దాని అవసరం చాలా తక్కువ. మీ కెమెరా మీద 24 మి.మీ. లెన్సు ఎపర్చర్‌ను (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8లో పెట్టి మూడున్నర మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, సుమారు రెండు మీటర్ల నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. ఎక్కువ వెడల్పును పట్టే వైడ్ లెన్సుకు ఇంకా సులువు. కాబట్టి మీకు కావలసింది షిఫ్ట్, టిల్ట్ కాదు. మీరు చూసిన ఆ చవక 50 మి.మీ.లో ఉన్నది టిల్ట్ మాత్రమే. దానితో బిల్డరుగారి అపార్ట్‌మెంటు ఒక్క అంగుళం కూడా నిటారు కాదు. దాన్ని పక్కన పెట్టేయండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. లెన్సుల సమీక్షలు చదివేటప్పుడు మూలల్లో ఎంత పదునుంది, రంగుల అంచులు ఎంత వస్తున్నాయి అని చూస్తాం. "నేను నిలబడగలిగే చోటు నుంచి ఈ భవనం ఇందులో పడుతుందా?" అని మాత్రం అడగం. మీ విషయంలో మొత్తం నిర్ణయం ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. దీనికి చిన్న భాగహారం చాలు. కెమెరాను నిలువుగా పట్టుకున్నప్పుడు సెన్సరు పొడవులో సగం తీసుకోండి, మీ ఎ6400కి అది 11.75 మి.మీ. దానికి షిఫ్ట్ ఎంతో కలపండి. మొత్తాన్ని ఫోకల్ లెంగ్తుతో (లెన్సు మీద రాసి ఉండే మి.మీ. సంఖ్యతో) భాగించండి. భవనానికి ఒక్కో అడుగు దూరం జరిగితే, కెమెరా ఎత్తుకు పైన ఎన్ని అడుగులు ఫ్రేములో పడుతుందో ఆ సంఖ్య చెబుతుంది.

మీ కిట్ లెన్సు 16 మి.మీ. దగ్గర, షిఫ్ట్ లేకుండా, 0.73. సామ్‌యాంగ్ 24కి 12 మి.మీ. షిఫ్ట్ ఉంది, పూర్తిగా వాడితే 0.99. కానీ అలా పూర్తిగా జరిపితే భవనం పాదం కింద తెగిపోతుంది, కాబట్టి 10 మి.మీ. దగ్గర ఆపాలి. అప్పుడు 0.9. ఎన్నో నెలల సంపాదన పోసి కొన్న లెన్సుకూ, ఇప్పటికే మీ సంచిలో ఉన్న కిట్ లెన్సుకూ తేడా 0.73కూ 0.9కీ ఉన్నంతే. ఈ లెక్క చూస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది, కానీ డబ్బు కట్టకముందే చూడటం మంచిది. దీనికి కారణం లెన్సు కాదు, మీ కెమెరా. 24 మి.మీ. మీ చిన్న సెన్సరు మీద, పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలోని 36 మి.మీ. లెన్సంత ఇరుకవుతుంది.

మీ ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు దీన్ని వర్తింపజేద్దాం. ఎత్తు సుమారు 60 అడుగులు, ఎదురుగా 40 అడుగుల రోడ్డు, మీరు అవతలి గోడకు ఆనుకుని నిలబడితే దూరం 50 అడుగులు అనుకుందాం. కెమెరా ఐదడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి పైన 55 అడుగులు కావాలి. అంటే 1.1 రావాలి. 24 షిఫ్ట్‌తో 50 అడుగుల ఎత్తు దాకానే వస్తుంది, పై అంతస్తు పోతుంది. వెడల్పులో ఇంకా అన్యాయం: నిలువు ఫ్రేములో 32 అడుగులే పడుతుంది. మీ బిల్డరుగారి సమస్య అలాగే మిగిలిపోతుంది. గదుల్లో కూడా ఇంతే. 12 అడుగుల గదిలో ఒక గోడకు ఆనుకుని అడ్డంగా తీస్తే ఎదుటి గోడ తప్ప పక్క గోడలు రావు.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, షిఫ్ట్ లేని మామూలు వైడ్ లెన్సు. సోనీ 10-18 ఎఫ్/4 సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, లావా (Laowa) కంపెనీ 10 మి.మీ. లాంటివీ ఉన్నాయి. 10 మి.మీ. దగ్గర మన సంఖ్య 1.17. కెమెరాను నిలువుగా, నేలకు సమంగా పెట్టి తీయండి, తర్వాత కింద రోడ్డు భాగాన్ని కోసేయండి. జాగ్రత్తగా ఆలోచిస్తే షిఫ్ట్ లెన్సు చేసేదీ ఇదే. పెద్ద బొమ్మలోంచి కావలసిన ముక్కను తీసుకోవడాన్ని అది లెన్సులో చేస్తుంది, మీరు కంప్యూటర్లో చేస్తారు. దృక్కోణం మీరు నిలబడిన చోటును బట్టే ఉంటుంది కాబట్టి రెండు ఫోటోల్లో గీతలకు తేడా ఉండదు. పోయేది పిక్సెళ్ళు మాత్రమే. పై ఉదాహరణలో దాదాపు సగం ఫ్రేము కోసినా 12 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి. ఎ4 బ్రోచరుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చువేయడానికి అది సరిపోతుంది, ఫ్లెక్సీకి మరీ సుఖంగా సరిపోతుంది. పైగా ఆ లెన్సు ఇంటీరియర్లకు పనికొస్తుంది, ఆటోఫోకస్ ఉన్నది తీసుకుంటే పెళ్ళి మండపంలో కూడా పనికొస్తుంది. దీనివల్ల నష్టం ఎక్కడంటే, గోడంత ప్రింటు అడిగే ఆర్కిటెక్టు వచ్చినప్పుడు వివరం చాలదు. కెమెరా కొంచెం అటూఇటూ అయినా అంత వైడ్‌లో వెంటనే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. స్క్రీన్ మీద లెవెల్ గేజ్ ఆన్ చేసుకోకుండా షట్టర్ నొక్కకండి.

రెండో దారికి అస్సలు ఖర్చు లేదు: మీరే పైకెక్కండి. ఎదురింటి రెండో అంతస్తు బాల్కనీ నుంచో డాబా మీదనుంచో 30 అడుగుల ఎత్తులో కెమెరా పెడితే, పైకి 30, కిందికి 30 అడుగులు చాలు. అదే 50 అడుగుల దూరానికి 0.6 కావాలి, మీ కిట్ లెన్సు 0.73 ఇస్తోంది. 24 మెగాపిక్సెళ్ళలో ఎక్కువ భాగం భవనానికే దక్కుతాయి. బిల్డర్లు "ఎలివేషన్" అని అడిగే ఫోటోకు ఇంతకంటే మంచి చోటు లేదు. ఎదురింటివాళ్ళ ఒప్పుకోలు తీసుకునే పని బిల్డరుగారి మీదే పెట్టండి, ఆయన మాట ఆ వీధిలో చెల్లుతుంది. అయితే వీధిలో నడిచే మనిషికి కనబడే గాంభీర్యం ఈ ఫోటోలో తగ్గుతుంది, గేటూ పార్కింగూ పైనుంచి చూసినట్టు వస్తాయి. అందుకని గేటుదగ్గరి ఫోటోలు విడిగా తీయాల్సి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడం మూడోది. లైట్‌రూమ్‌లో ఉంది, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనూ ఉంది. కెమెరాను కొద్దిగా ఎత్తినప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. బాగా ఎత్తి తీస్తే మాత్రం పై అంతస్తుల్ని సాగదీయాలి కాబట్టి అక్కడ వివరం పలచబడుతుంది, పక్కలు కోతకు పోతాయి, భవనం పొట్టిగానో పొడుగ్గానో తయారవుతుంది. దీన్ని మిగతా దారులకు తోడుగా వాడుకోండి.

నాలుగోది అసలైన షిఫ్ట్, మీ కెమెరాకు సరిపడే వెడల్పుతో. లావా 15 మి.మీ. షిఫ్ట్ 2020లో వచ్చింది, 11 మి.మీ. జరుగుతుంది, టిల్ట్ లేదు. 10 మి.మీ. జరిపితే 1.45. ఇరుకు వీధులకు దీనికి మించింది మీ కెమెరాకు దొరకడం కష్టం. కానీ అమెరికాలోనే 1,199 డాలర్ల ధరతో వచ్చిన లెన్సు, మీ 60 వేలకు అందదు. దాని తమ్ముడు 20 మి.మీ. షిఫ్ట్‌ది 1.09, అపార్ట్‌మెంటు లెక్కకు అంచుమీద ఆగిపోతుంది. ఇవి అప్పు చేసి కొనే ముందు ఒక రోజుకు అద్దెకు తెచ్చుకుని అదే వీధిలో తీసి చూడండి. బిల్డరుగారు ఆ ఫోటోలు చూసి నిజంగా పని ఇస్తే, అడ్వాన్సు ఇస్తే, అప్పుడు నాన్నగారికి చూపించడానికి మీ దగ్గర ఒక లెక్క ఉంటుంది. "అన్ని ప్రాజెక్టులూ నీకే" అన్న నోటిమాట మీద వాయిదాలు కట్టలేం. నాన్నగారి కోపంలో న్యాయముంది.

వీటి మధ్యలో ఇంకో చవక మార్గం ఉంది, ఓపిక ఉన్నవాళ్ళకు. నికాన్ మౌంట్ లెన్సును సోనీకి తగిలించే షిఫ్ట్ అడాప్టర్లు కిపాన్, ఫోటోడియాక్స్ లాంటివాళ్ళు చేస్తారు. ఫుల్‌ఫ్రేమ్ కోసం చేసిన లెన్సు పెద్ద వృత్తాన్ని వెలుగుతో నింపుతుంది, మీ చిన్న సెన్సరు ఆ వృత్తంలో 8 మి.మీ. దాకా అటూఇటూ తిరగొచ్చు. ఎపర్చర్ రింగ్ ఉన్న పాత నికాన్ 20 మి.మీ. పెడితే 0.99 వస్తుంది, అంటే సామ్‌యాంగ్ 24ను పూర్తిగా జరిపినంత. సామ్‌యాంగ్ 14 పెడితే 1.41 దాకా పోతుంది కానీ ఆ లెన్సులో గీతలు మీసకట్టులా అలలు తిరుగుతాయి. షిఫ్ట్ చేశాక, ఆ వంపుల్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్ కేంద్రం తప్పుతుంది కాబట్టి దాన్ని సరిచేయడం పెద్ద తలనొప్పి. ఇటుక గోడలూ కిటికీ చట్రాలూ ఉన్న పనికి దాన్ని నేను వాడమనను.

మీ స్నేహితుడి క్యానన్ మాటేమిటంటే: టీఎస్-ఈ 24 మొదటి వెర్షన్ 1991 నాటిది. 11 మి.మీ. షిఫ్ట్ ఉంది కానీ అంచులకు జరిపినప్పుడు పదును తగ్గుతుంది, రంగుల అంచులు కనబడతాయి. 2009లో వచ్చిన రెండో వెర్షన్‌తో దాన్ని పోల్చలేం. ఎపర్చర్‌ను కెమెరాయే నడపాలి కాబట్టి ఎలక్ట్రానిక్ అడాప్టరు ఖర్చు అదనం. ఫోకల్ లెంగ్తు మళ్ళీ అదే 24 కాబట్టి వీధిలో కథ మారదు. ఒకే ఒక్క పరిస్థితిలో దీనికైనా సామ్‌యాంగ్‌కైనా అర్థముంది: త్వరలో ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొనే ఆలోచన గట్టిగా ఉంటే. ఫుల్‌ఫ్రేమ్ మీద అదే 24, పది మి.మీ. షిఫ్ట్‌తో 1.17కు పోతుంది, 50 అడుగుల దూరంలో 50 అడుగుల వెడల్పు పడుతుంది. అప్పుడు కూడా రెండింటిలో నేనైతే సామ్‌యాంగ్ వైపే మొగ్గుతాను. అడాప్టరు అక్కర్లేకుండా సోనీ మౌంట్‌లోనే వస్తుంది, టిల్ట్ దిక్కునూ షిఫ్ట్ దిక్కునూ విడివిడిగా తిప్పుకోవచ్చు. ఆటోఫోకస్ లేదు, ఫోటోలో ఎపర్చర్ వివరం నమోదు కాదు. ట్రైపాడ్ మీద పనిచేసేవాళ్ళకు ఇవి పెద్ద లోటు కావు. స్నేహితుడికి మాత్రం నెలాఖరు దాకా ఆగకుండా ఈ వారమే చెప్పేయండి. "నా కెమెరా మీద ఇది ఇరుకవుతోందిరా, ఇంకెవరికైనా ఇచ్చెయ్" అంటే ఆయనకూ అర్థమవుతుంది.

ఏ దారిలోనైనా పాత టిల్ట్-షిఫ్ట్ కొనాల్సి వస్తే, టిల్ట్ సున్నా దగ్గర నిలకడగా ఆగుతోందా లేదా చూడండి. లాక్ స్క్రూ వదులైతే లెన్సు తన బరువుకే కొద్దిగా వాలుతుంది, ఫోటోలో ఒక పక్క మసకబడుతుంది, లెన్సు పాడైందనుకుని మీరు సర్వీసు సెంటర్ల చుట్టూ తిరుగుతారు. ఇటుక గోడకు ఎదురుగా పెట్టి, షిఫ్ట్‌ను పైకీ కిందికీ పూర్తిగా జరిపి ఒక్కో ఫోటో తీస్తే చాలావరకు తేలిపోతుంది.

మంగళగిరి గోపురానికి మాత్రం లెక్క వేరుగా వస్తుంది, ఇక్కడ 24 షిఫ్ట్ వెలుగుతుంది. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09లో కట్టించిన ఆ పదకొండు అంతస్తుల గోపురం 153 అడుగుల ఎత్తు, 49 అడుగుల వెడల్పు. సన్నగా, నిలువుగా ఉండే కట్టడం కాబట్టి ఇరుకు లెన్సు దానికి అడ్డు కాదు. 24 షిఫ్ట్‌తో 163 అడుగుల దూరం నుంచి గోపురం ఫ్రేము ఎత్తంతా నిండుగా వస్తుంది. కిట్ లెన్సుతో సమంగా పెట్టి తీయాలంటే 200 అడుగులు వెనక్కి పోవాలి, గోపురం ఫ్రేములో సగమే ఆక్రమిస్తుంది. 10 మి.మీ. అయితే 126 అడుగులు చాలు కానీ వెడల్పులో నాలుగో వంతు మాత్రమే గోపురం, మిగతాదంతా దుకాణాలూ తీగలూ. పెద్ద ప్రింటు వేయాలనుకుంటే ఈ ఒక్క ఫోటో కోసమే సామ్‌యాంగ్‌ను ఒక రోజు అద్దెకు తెచ్చుకోవచ్చు. ఒక్క సంగతి: దగ్గర నిలబడి ఎంత నిటారుగా తీసినా పై అంతస్తుల బొమ్మలు కిందినుంచి చూసినట్టే ఉంటాయి, చూరు అంచులు వాటిని కప్పేస్తాయి. చోటు మారితే తప్ప అది మారదు. పానకాల స్వామి కొండ మెట్లెక్కి, గోపురం పైభాగం కంటికి సమంగా వచ్చేచోట ఆగి, మీ సిగ్మా 30తో గానీ అంతకంటే పొడుగు లెన్సుతో గానీ తీసి చూడండి. కలశాల దాకా ప్రతి అంతస్తూ తన అసలు కొలతల్లో వస్తుంది.

పనోరమాలకు కూడా షిఫ్ట్ లెన్సు తప్పనిసరి కాదు. కెమెరాను నిలువుగా పెట్టి 24 లెన్సును ఎడమకు, మధ్యకు, కుడికి జరుపుతూ మూడు ఫ్రేములు తీసి అతికిస్తే 60 మెగాపిక్సెళ్ళ ఫోటో, సుమారు 79 డిగ్రీల వెడల్పుతో వస్తుంది. గీతలు వంగవు, అతకడం తేలిక. కానీ అంతే వెడల్పు మీ సిగ్మా 30ని నిలువుగా పెట్టి, కెమెరాను తిప్పుతూ తీసిన నాలుగు ఫ్రేముల్లో వస్తుంది, వివరం ఇంకా ఎక్కువగా. ఎత్తు కొంచెం తగ్గుతుంది, చాలకపోతే పైన ఇంకో వరుస తీయండి. ఫోటోలు అతికేందుకు ఉచితంగా దొరికే హగిన్ సాఫ్ట్‌వేర్‌లో రెక్టిలీనియర్ ఎంచుకుంటే అడ్డగీతలు కూడా వంగకుండా తిన్నగానే నిలుస్తాయి. వెడల్పు వంద డిగ్రీలు దాటితే మాత్రం అంచులు సాగిపోతాయి, అక్కడ ఆగండి.

ఉండవల్లి లోపల మీకు అడ్డుపడేది స్తంభాలు. అవి దగ్గరగా, వెనకాల గోడ దూరంగా ఉంటాయి. తిప్పేటప్పుడు లెన్సు ఏమాత్రం పక్కకు కదిలినా స్తంభం వెనక గోడ మారిపోయి అతుకు విరుగుతుంది. ఖర్చు పెట్టదలిస్తే ముందు ఒక నోడల్ స్లైడ్ (ట్రైపాడ్ మీద కెమెరాను ముందుకూ వెనక్కూ జరుపుకునే పట్టీ) మీద పెట్టండి, లెన్సుల ముందు దాని ధర చాలా తక్కువ. దగ్గరి కర్ర ఒకటి, దూరపు స్తంభం ఒకటి ఒకే వరుసలో కనబడేలా నిలబెట్టి, కెమెరాను అటూఇటూ తిప్పండి. రెండింటి మధ్య సందు మారకుండా ఉండేదాకా స్లైడును ముందుకూ వెనక్కూ జరపండి, ఆ చోట గుర్తు పెట్టుకోండి. షిఫ్ట్ లెన్సుకూ ఈ ఇబ్బంది ఉంది, కదిలేది లెన్సే కాబట్టి. అద్దె లెన్సుతో వెళ్ళినప్పుడు లెన్సును ఎడమకు ఎంత జరిపారో, కెమెరాను స్లైడు మీద కుడికి అంతే జరపాలి. ఉండవల్లి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. అది చేతికి వచ్చాకే లెన్సు అద్దెకు తేదీ ఖాయం చేసుకోండి.